రెండో మలుపులో హీటర్

పికప్ కింద పరిచిన అట్ట మీద ఒక్క నీటి చుక్క కూడా లేదు.

మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని ఆ అట్టను బయటికి లాగి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. నిన్న సాయంత్రం తనే స్వయంగా పరిచిన అట్ట అది. రెండు చోట్ల నూనె మరకలున్నాయి. ఈ వయసు బండికి అవి ముసలివాళ్ల దగ్గులాంటివి, ఎవరూ పట్టించుకోరు. నీటి మరక మాత్రం లేదు. ఇంత ముసలి బండి ఇంత బుద్ధిగా ఉండటం ఆమెకు ఏమాత్రం నచ్చలేదు.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్, షెడ్డు గుమ్మానికి చేరబడి. "కారని బండిని కారిందన్నాడు వాడు. లేని లీకు కోసం మీరు నేలంతా పాకుతున్నారు. ఆ చీపురేదో ఇస్తాను, షెడ్డన్నా శుభ్రమవుతుంది."

"బండిని ఇక్కడికి తెచ్చినప్పుడు రేడియేటర్‌లో నీళ్లు ఎంతున్నాయి?"

ఇన్‌స్పెక్టర్ మెకానిక్ వైపు చూశాడు. మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"సగానికి పైగా ఖాళీయే మేడమ్."

"ఆ సగం ఎక్కడికి పోయింది ఇన్‌స్పెక్టర్ గారూ? మీరు తాగారా?"

"వాడే పారబోసి ఉంటాడు. కథ అల్లేవాడికి ఆ మాత్రం తెలివి ఉండదా?"

మేడమ్ అట్టను గోడకు చేరేసింది. వాహనాల ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తనిఖీ చేస్తూ జుట్టు నెరిసిన మనిషి ఆమె. ఉద్యోగం వదిలి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టినా, అప్పటివాళ్లు పెట్టిన పేరు మాత్రం ఆమెను వదల్లేదు. ఎదురుగా 'మేడమ్' అంటారు, వీపు తిరగగానే 'జిడ్డు మేడమ్' అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అంటుకుంటే వదలదన్న కీర్తి ఈ వృత్తిలో ఉచితంగా దొరికే ప్రకటన అనుకుని ఊరుకుంది.

జరిగింది క్లుప్తంగా ఇది. కొండకు అవతల ఉన్న కళ్ల ఆసుపత్రికి విదేశీ లెన్సులున్న పెట్టె ఒకటి ఈ పికప్‌లో బయల్దేరింది. తలగడంత పెట్టె, ఖరీదు మాత్రం ఇలాంటి పికప్పులు పాతిక కొన్నా మిగిలేంత. దాన్ని పక్క సీటు కింద పెట్టి, కాపలాగా గోడౌన్ వాచ్‌మన్ పెద్దాయన్ని ఆ సీట్లోనే కూర్చోబెట్టారు. ఘాటెక్కుతుండగా ఇంజన్ వేడెక్కిందని, నీళ్లు కారిపోయాయని, బండి ఆపి క్యాన్ పట్టుకుని కిందనున్న కుళాయి దగ్గరికి వెళ్లానని డ్రైవర్ చెప్పాడు. అరగంటకు తిరిగొచ్చేసరికి పెద్దాయన తల పగిలి చక్రం పక్కన పడి ఉన్నాడట. పెట్టె లేదు.

ఇన్‌స్పెక్టర్ లెక్క ఇంకా సులువైనది. డ్రైవరే పెద్దాయన్ని కొట్టాడు, పెట్టె ఎక్కడో దాచాడు, లీకు నాటకం ఆడాడు. రేడియేటర్ నింపి ఇదే షెడ్డులో గంటసేపు ఇంజన్ నడిపించాడు. చుక్క కారలేదు, టెంపరేచర్ ముల్లు కదల్లేదు. ఇంకేం కావాలి?

పెద్దాయన ఇంకా కళ్లు తెరవలేదు. తెరిస్తే ఇది దొంగతనం కేసు. తెరవకపోతే హత్య కేసు. డ్రైవర్ భార్య లాండ్రీలో ఇస్త్రీ పని వదిలేసి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మేడమ్ ఇంటికి వచ్చింది. "మా ఆయన కోపిష్టి అవ్వచ్చు, అబద్ధాలకోరు కాదు మేడమ్. బండి కారిందంటే కారినట్టే" అని ఒకటే మాట పట్టుకుని కూర్చుంది. ఆ మాట నిజమో కాదో ఈ ముసలి బండే చెప్పాలి.

"రేపు పొద్దున వాణ్ణి కోర్టులో పెడుతున్నాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సాయంత్రానికల్లా బండి స్టేషన్‌కి వెళ్లిపోతుంది. ఈలోపు మీ పూజలేవో కానివ్వండి."

మెకానిక్ గొంతు తగ్గించాడు. "నన్నడిగితే హెడ్ గ్యాస్కెట్ పోయింది మేడమ్. నీళ్లు బయటికి కారవు, ఇంజన్ లోపలికే పోతాయి. ఇలాంటివి నేను వంద చూశాను."

"అయితే నీళ్లు నూనెలో కలవాలి కదా?" మేడమ్ నూనె పుల్ల బయటికి తీసి గుడ్డకు తుడిచింది. నూనె నల్లగా ఉంది కాని, మజ్జిగలా తెల్లబడలేదు. "పొగ గొట్టంలోంచి తెల్లటి ఆవిరి రావాలి. గంటసేపు నడిపారుగా, వచ్చిందా?"

"రాలేదు."

"మరి ఆ వంద బళ్లలో దీన్ని కలపకండి."

మెకానిక్ ముఖం గంటు పెట్టుకుని పక్కకు జరిగాడు. మేడమ్ రేడియేటర్ మూత తిప్పి చూసింది. రబ్బరు బాగానే ఉంది. పైపులన్నీ ఒక్కొక్కటీ వేళ్లతో తడిమింది. పంపు కింద అద్దం పెట్టి చూసింది. అంతా పొడి. దొంగ ఇంట్లో లేడని తేలాక పెరడు వెతకాలి. ఆమె బానెట్ వదిలేసి పక్క సీటు వైపు తలుపు తెరిచింది.

కాళ్ల దగ్గర రబ్బరు పట్టా పరిచి ఉంది. పట్టా పైన పొడిగానే ఉంది. ఎత్తి చూస్తే కింద ఉన్న దళసరి గుడ్డ ఇంకా చెమ్మగా తగిలింది. అంచు చుట్టూ ఆకుపచ్చటి చారిక కట్టి ఉంది. మేడమ్ రెండు వేళ్లతో రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది. తియ్యటి వాసన. వేళ్లు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇలా రండి. నా చుట్టం దొరికింది."

"ఏమిటది?"

"కూలెంట్, రేడియేటర్ నీళ్లలో కలిపే మందు. జిడ్డు చూస్తే తెలియడంలా? నీళ్లు బండి కిందికి కారలేదు. బండిలోకి కారాయి. మీరు గంటసేపు నేల చూస్తూ కూర్చున్నారు."

ఇన్‌స్పెక్టర్ వంగి చూసి, పెదవి విరిచాడు. "పాత బండి. ఎప్పటి మరకో ఏమో."

"పెద్దాయన పాదాల మీద బొబ్బలు కూడా ఎప్పటివో అంటారా? పొద్దున ఆసుపత్రికి వెళ్లి చూసొచ్చాను. రెండు పాదాలకూ పైవైపే కాలాయి, అడుగున కాదు. నడిచి కాల్చుకున్నవైతే అడుగున ఉండాలి. కూర్చున్న మనిషి పాదాల మీద సలసల కాగే నీళ్లు పడ్డాయి. అందుకే పెద్దాయన కిందికి దిగాడు."

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ గుడ్డను మళ్లీ చూశాడు. మేడమ్ టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద తల దూర్చింది. ఇంజన్ నుంచి రెండు సన్నటి రబ్బరు పైపులు హీటర్ పెట్టెలోకి వస్తున్నాయి. చలి రోజుల్లో ఇంజన్ వేడినీళ్లను వాటిలోంచి తిప్పి, కేబిన్‌ను వెచ్చబెట్టే ఏర్పాటు అది. ఒక పైపును బిగించిన ఇనప క్లిప్పు పూర్తిగా వదులైపోయి ఉంది. క్లిప్పంతా తుప్పు. దాని మరలో గాడి మాత్రం కొత్త సూదిలా మెరుస్తోంది.

"తుప్పు పట్టిన మర తనంతట తాను స్నానం చేయదు" అంది మేడమ్ బయటికొస్తూ. "ఈమధ్యనే ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టి వదులు చేశారు. హీటర్ మూసి ఉన్నంతసేపూ ఈ పైపుల్లోకి నీళ్లు రావు. ఈ మోడల్లో ఒకే కుళాయి రెండింటినీ మూసేస్తుంది. తెరిస్తేనే వరద. మీరు పరీక్ష చేసినప్పుడు హీటర్ వేశారా?"

"ఈ ఉక్కలో హీటరెవరు వేస్తారండీ, పిచ్చా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అని, మరుక్షణం నవ్వాడు. ఆ నవ్వు మేడమ్‌కు నచ్చలేదు. "అసలు అది కదిలితే కదా వేయడానికి!"

డాష్‌బోర్డు మీద ఉన్న సన్నటి ఇనప లీవర్‌ను చూపించాడు. పిడి ఎప్పుడో ఊడిపోయి, ఒట్టి పుల్ల మిగిలింది. ఎర్రగీత వైపు జరిపితే హీటర్ తెరుచుకుంటుంది, నీలిగీత వైపు జరిపితే మూసుకుంటుంది. పుల్ల నీలిగీత దగ్గర బిగుసుకుని ఉంది. మేడమ్ బొటనవేలితో నెట్టింది. వేలు నొప్పెట్టింది తప్ప అది కదల్లేదు.

"దాని మీద నా మంచి స్క్రూడ్రైవర్ ఒకటి విరిగింది" అన్నాడు మెకానిక్ దిగులుగా.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి ఒక ఫోటో ఆమె కళ్ల ముందు పెట్టాడు. "ఘాట్ రోడ్డు మీదే, మా వాళ్లు వెళ్లగానే తీసింది. చూడండి, లీవర్ ఎక్కడుంది? నీలిగీత దగ్గర. మూసే ఉంది. హీటర్ మూసి ఉంటే నీళ్లు రావని ఇప్పుడేగా సెలవిచ్చారు? అంటే ఆరోజు నీళ్లు కారలేదు. మీ లీకే మీ నోరు మూయించింది మేడమ్!"

మెకానిక్ ఫక్కున నవ్వాడు. మేడమ్ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. తవ్విన గోతిలో తానే పడ్డట్టయింది. ఒప్పుకోవాలంటే ఒళ్లు మండింది కాని, ఫోటో అబద్ధమాడదు. మరి గుడ్డ కింద చెమ్మ? పెద్దాయన పాదాలు? అవీ అబద్ధమాడవు. రెండు నిజాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయంటే మధ్యలో ఎవరిదో చెయ్యి ఉంది.

"నాకు డ్రైవర్‌తో మాట్లాడాలి" అంది.

*

లాకప్ గది గోడకు ఆనుకుని కూర్చున్న డ్రైవర్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. కళ్ల కింద నల్లటి వలయాలు వచ్చాయి. ముందు అడిగిన మాట మాత్రం తన గురించి కాదు.

"పెద్దాయనకెలా ఉంది మేడమ్?"

"అలాగే ఉంది. ఘాట్ మీద బండి ఎక్కడ వేడెక్కింది?"

"రెండో మలుపులో. ఎప్పుడూ అక్కడే. బరువున్నా లేకపోయినా దానికి ఆ మలుపంటే పడదు."

"వేడెక్కితే ఏం చేస్తావు?"

"హీటర్ మొత్తం తెరిచేస్తాను."

తలుపు దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ కిసుక్కుమన్నాడు. డ్రైవర్‌కు రోషం వచ్చింది.

"నవ్వకండి సార్. ఇంజన్ వేడిని కొంత కేబిన్‌లోకి లాగేస్తే ముల్లు దిగుతుంది. మనకు చెమట, దానికి ప్రాణం. పాత బళ్లు తోలినోళ్లు ఎవర్నడిగినా చెప్తారు. రెండో మలుపులో నా హీటర్ అంటే గోడౌన్ మొత్తానికీ నవ్వులాటే."

"గోడౌన్ మొత్తానికీ తెలుసా?" మేడమ్ ముందుకు వంగింది. "మేనేజర్‌కు కూడా?"

"ఆయనే ఎక్కువ నవ్వుతాడు. నీ బండెక్కితే స్నానం చేయక్కర్లేదంటాడు."

నిన్న గోడౌన్ మేనేజర్‌ను మేడమ్ కలిసింది. 'ఆ డొక్కు బండిలో నేనెప్పుడూ కాలు పెట్టలేదండీ' అన్నాడు, చేతులు రుమాలుతో తుడుచుకుంటూ. అడగకముందే చెప్పిన మాట అది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమని ఆమె అప్పుడే అనుకుంది.

"మేనేజర్ ఈ బండి ఎప్పుడైనా నడిపాడా?"

"ఇల్లు మారినప్పుడు ఒకరోజు తీసుకెళ్లాడు."

"సరే. ఆరోజు హీటర్ తెరిచావు. తర్వాత?"

"తెరిచిన కాసేపటికే అద్దం మీద ఆవిరి కమ్మేసింది. పెద్దాయన కాళ్లు కాలాయని కేకేశాడు. పక్కకు తీసి ఆపేశాను. ఆయన్ని దింపి బండి పక్కనే గట్టు మీద కూర్చోబెట్టాను. క్యాన్ తీసుకుని పరుగెత్తాను."

"హీటర్ మూశావా?"

"ఎక్కడ మేడమ్! లోపల బుసబుసమని వేడినీళ్లు చిమ్ముతున్నాయి. చెయ్యి పెట్టే వీల్లేదు. ఇంజన్ ఆపి దూకేశాను."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆగిపోయింది. జేబులోని ఫోన్ మీదికి అతని చెయ్యి వెళ్లడం మేడమ్ చూసింది. ఆమె నిదానంగా అడిగింది.

"ఆ లీవర్ మేం ఎంత నెట్టినా కదల్లేదు. నువ్వెలా కదుపుతావు?"

"దానికో కిటుకుంది. పుల్లను ముందు లోపలికి నొక్కాలి. నొక్కి పట్టి కొంచెం పైకి లేపాలి. అప్పుడు పక్కకు తొయ్యాలి. ఒట్టిగా తోస్తే ఏనుగు వచ్చినా కదలదు."

"ఆ కిటుకు ఎవరెవరికి తెలుసు?"

"నాకే."

"మేనేజర్‌కు చెప్పావా?"

"చెప్పినట్టు గుర్తులేదు."

"మీ ఆవిడకు?"

"దానికి బండి పేరెత్తితేనే వణుకు. వాళ్ల నాన్న లారీ కిందే పోయాడు కదా. తమ్ముడు కూడా స్టీరింగ్ ముట్టుకోకూడదని ఒట్టేయించుకుంది."

"ఇంకెవరికైనా నేర్పావా? బాగా ఆలోచించుకో."

డ్రైవర్ గోడ వైపు చూశాడు. గోడ మీద చూడ్డానికేమీ లేదు.

"లేదు మేడమ్."

అది అబద్ధమని మేడమ్‌కు తెలిసిపోయింది. జైలు గుమ్మంలో నిలబడి కూడా ఒక మనిషి అబద్ధమాడుతున్నాడంటే, ఎవరినో కాపాడుతున్నాడన్నమాట. ఉద్యోగం పోతుందన్న భయంతో మేనేజర్‌నే కాపాడుతున్నాడని ఆమె నిర్ణయించుకుంది. ఆ నిర్ణయం తొందరపాటని తర్వాత తెలిసింది.

బయటికి రాగానే ఇన్‌స్పెక్టర్‌కు లెక్క ఒప్పజెప్పింది. "పెట్టె పక్క సీటు కింద ఉంది. దొంగ వచ్చేసరికి, ఇంజన్ ఆగినా ఒత్తిడికి అక్కడ వేడినీళ్లు ఇంకా చిమ్ముతున్నాయి. నీళ్లు కట్టెయ్యకుండా పెట్టె అందదు. అందుకని లీవర్ మూశాడు. మీ ఫోటోలో మూసి ఉన్నది అందుకే. అలవాటైన చెయ్యి కనక మూయగలిగింది. మీ చేత కాలేదు, మెకానిక్ చేత కాలేదు, నా చేత కాలేదు. దాన్ని మూయగలిగినవాడే దొంగ."

"మూసింది ఆ డ్రైవరే ఎందుకు కాకూడదు?"

"హీటర్ మూసేసి, 'మూయలేదు' అని తన పీకకు తానే ఉరి ఎందుకు తగిలించుకుంటాడు? ఫోటో సంగతి అతనికి తెలియను కూడా తెలియదు."

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. "మేనేజర్‌ను షెడ్డుకు పిలిపించమంటారు, అంతేగా?"

"అవును. డ్రైవర్ భార్య కూడా రానివ్వండి. తన మొగుడి మాట నిజమో కాదో కళ్లారా చూసుకునే హక్కు ఆమెకుంది."

*

మేనేజర్ స్కూటర్ మీద వచ్చాడు. ఉతికిన చొక్కా మీద మచ్చ పడుతుందేమోనని షెడ్డులో దేనికీ ఆనుకోకుండా నిలబడ్డాడు. "పెద్దాయన్ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాలండీ, త్వరగా కానివ్వండి" అన్నాడు. డ్రైవర్ భార్య ఇస్త్రీ వాసన వేసే చేతులతో నీళ్ల సీసా పట్టుకుని వచ్చింది. వెనకే ఆమె తమ్ముడు. చెప్పుల షాపులో పని చేస్తాడు. ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు. కేసు మొదలైనప్పట్నుంచీ అక్కను ఒంటరిగా వదలకుండా, ఆమె వెంట నీడలా తిరుగుతున్నాడు. అక్క ఏడిస్తే తనూ కళ్లు తుడుచుకునేవాడు.

మేడమ్ మెకానిక్ చేత రేడియేటర్ నిండా నీళ్లు పోయించింది. గాలి తగలకుండా ముందు అట్ట అడ్డం పెట్టించింది. ఇంజన్ దగ్గుతూ దగ్గుతూ అందుకుంది. అందరూ ముల్లునే చూస్తున్నారు. ముల్లు సగం దాటింది. ముప్పావు దాటింది. ప్రమాద గీతకు దగ్గరపడింది.

"ఇది ఘాట్ మీద రెండో మలుపు" అంది మేడమ్.

డ్రైవర్ సీట్లో కూర్చుని, చేతి కదలిక ఎవరికీ కనిపించకుండా ఒళ్లు అడ్డం పెట్టి, పుల్లను లోపలికి నొక్కి, పైకి లేపి, ఎర్రగీత వైపు తోసింది. అది వెన్నలో కత్తిలా జరిగింది. వెంటనే కిందికి దిగి, బానెట్ పక్కన మేనేజర్‌కు ఎదురుగా నిలబడింది. నీళ్లు కారడం మొదలవగానే 'అయ్యో, ఎవరన్నా మూయండి' అని ఆయన్నే సీటు వైపు తొయ్యాలని ఆమె పథకం. కంగారులో మనిషి నోరు అబద్ధమాడుతుందేమో కాని, చెయ్యి ఆడదు.

డాష్‌బోర్డు కింద ముందు సన్నగా బుస్సుమంది. తర్వాత టపటపా చుక్కలు పడ్డాయి.

"కారుతోంది!" డ్రైవర్ భార్య గొంతు షెడ్డంతా మోగింది. "కారుతోంది సార్, చూడండి! నేను చెప్పలేదూ? మా ఆయన అబద్ధమాడలేదు!"

ఆమె ఆగలేదు. రెండంగల్లో అవతలి తలుపు దగ్గరికి వెళ్లి, పక్క సీట్లోకి ఒరిగి, చుక్కలెక్కడ పడుతున్నాయో చూడ్డానికి డాష్‌బోర్డు కిందికి తల వంచింది. మేడమ్ "వద్దమ్మా, ఇవతలికి రా" అని అరిచేలోపే పైపు క్లిప్పులోంచి ఊడిపోయింది. ఆవిరి, వేడినీళ్లు ఒక్కసారిగా చిమ్మాయి. ఆమె కెవ్వున కేకేసింది. చున్నీ తలుపు సందులో చిక్కుకుంది. వెనక్కి రాలేకపోయింది.

"అక్కా!"

చిన్నోడు డ్రైవర్ సీటు వైపు నుంచి లోపలికి దూకాడు. ఎడంచేత్తో అక్క తలను పైకి నెట్టాడు. కుడిచెయ్యి ఆవిరిలోకే వెళ్లింది. పుల్లను నొక్కింది, లేపింది, తోసింది. అన్నీ ఒక్క కదలికే. ఆ చెయ్యి వెతుక్కోలేదు, తడబడలేదు. బుస ఆగిపోయింది. చిన్నోడు రెండో చేత్తో తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

రేడియేటర్ మూత దగ్గర మాత్రం సన్నగా ఆవిరి సొద వినిపిస్తోంది.

మేడమ్ ఆ లీవర్ వైపు చూసింది. ఈ వల ఎవరి కోసం వేసింది, ఇందులో ఎవరు పడ్డారు! ఆ కుర్రాడు తన ఇంట్లో కూర్చుని మంచినీళ్లు తాగాడు. 'బావను విడిపించండి మేడమ్' అన్నాడు. అప్పుడు అతని కళ్లలో కనిపించిన భయాన్ని ఆమె ప్రేమ అనుకుంది. ప్రేమ కూడా ఉందని ఇప్పుడు తెలిసింది. లేకపోతే ఆ చెయ్యి జేబులోనే ఉండేది.

ఇన్‌స్పెక్టర్ అడుగు ముందుకు వేశాడు. మేడమ్ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

అక్కాతమ్ముళ్లిద్దరూ కిందికి దిగారు. ఆమె చెవి వెనక కందింది, అంతే. చిన్నోడి చెయ్యి మణికట్టు దాకా ఎర్రగా కాలిపోయింది. ఆమె ఇంకేమీ చూడకుండా సీసా మూత తీసి, ఆ చేతి మీద చల్లటి నీళ్లు పోయసాగింది.

"మండుతోందా నాన్నా?"

"లేదక్కా."

సగం సీసా అయ్యాక నీళ్లు పోస్తున్న చెయ్యి నెమ్మదించింది. ఆమె ఆ లీవర్ వైపు చూసింది. తమ్ముడి బొటనవేలి వైపు చూసింది. ఆవిరి చిమ్మినప్పుడు కంగారులో దాన్ని తను కూడా నెట్టి చూసింది. అది కదల్లేదు.

"చిన్నోడా, నీకు బండి తోలడం రాదు కదరా."

అతను తల వంచుకున్నాడు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"బావ నేర్పాడు. పొద్దున్నే, నువ్వు లాండ్రీకి వెళ్లాక. నీకు చెప్పొద్దని నేనే బతిమాలాను. ప్రాణం పోయినా చెప్పనని మాటిచ్చాడు."

మేడమ్‌కు లాకప్ గోడ గుర్తొచ్చింది. ప్రాణం మీదికి వచ్చినా ఆ మనిషి మాట తప్పలేదు. ఆ మాటే తన మెడకు ఉరి అవుతోందని అతనికి తెలియదు.

"ఒట్టేశావు కదరా నా మీద!" ఆమె అతని భుజం పట్టి ఊపింది. "నాన్న పోయిన దారిలో నువ్వు వెళ్లకూడదనే కదా!"

"చెప్పులు తొడిగి తొడిగి విసుగొచ్చిందక్కా. కొండవతల కొత్త గోడౌన్‌లో డ్రైవర్‌గా పెట్టిస్తానన్నాడు. క్లిప్పు వదులు చెయ్, బండి రెండో మలుపులో ఆగుతుంది, బావ నీళ్లకు వెళ్తాడు, పెట్టె తెచ్చియ్ చాలన్నాడు. నీళ్లు కారితే బావనెవరు అంటారు, కంపెనీకి ఇన్సూరెన్స్ వస్తుంది, ఎవరికీ ఏమీ కాదన్నాడు. నేను నమ్మాను."

"మరి పెద్దాయన?"

చిన్నోడు కాలిన చేతిని పొట్టకు హత్తుకున్నాడు. "గట్టు మీద అటు తిరిగి కాళ్లు ఊదుకుంటున్నాడు. పెట్టె తీసుకుని వస్తుంటే వెనక్కి చూశాడు. 'నువ్వా చిన్నోడా, వచ్చావా, కాస్త పట్టుకో నాయనా' అని చెయ్యి చాపాడు. సాయానికి వచ్చాననుకున్నాడక్కా! నాకేం తోచలేదు. పెట్టెతోనే..."

ఆ మాట పూర్తి కాలేదు. ఆమె చేతిలోంచి సీసా జారి కింద పడింది.

"ఎవడ్రా నీకు ఉద్యోగం ఇస్తానన్నది?" ఇన్‌స్పెక్టర్ గర్జించాడు.

చిన్నోడు తలెత్తి బానెట్ అవతలికి చూశాడు. మేడమ్ కూడా అటు తిరిగింది. బానెట్ అవతల మేనేజర్ లేడు. గుమ్మం బయట స్కూటర్ లేదు.

"మూయగలిగినవాడే దొంగ అన్నాను" అంది మేడమ్, తన మీద తనకే అసహ్యంతో. "మూయించినవాడు పక్కనే నిలబడి ఉంటే చూడలేకపోయాను. ఎప్పుడు వెళ్లాడు?"

"ఆమె కేకేసినప్పుడే" అన్నాడు మెకానిక్, బిక్కచచ్చిపోయి. "అందరూ అటు పరిగెత్తారు కదా. ఆసుపత్రికి వెళ్లొస్తానని నాతో చెప్పే వెళ్లాడు. పెద్దాయనకు తెలివొచ్చేలా ఉందని కబురొచ్చిందట."

ఇన్‌స్పెక్టర్, మేడమ్ ముఖముఖాలు చూసుకున్నారు. ఇంతసేపూ పిల్లీ ఎలుకల్లా ఉన్నవాళ్లకు ఆ చూపులో ఒకరి మాట ఒకరికి చెప్పకుండానే అర్థమైంది. పెద్దాయన నోరు తెరిస్తే చిన్నోడి పేరు చెప్తాడు. చిన్నోడు దొరికితే మేనేజర్ పేరు చెప్తాడు. చిన్నోడు దొరికిపోయాడు. కాని ఆ పెద్దాయన ఈ లోకంలో లేకపోతే, దొంగతనం చేసిన కుర్రాడు హంతకుడవుతాడు. హంతకుడి మాటకు కోర్టులో విలువెంత?

"ఆసుపత్రిలో కాపలా ఎంతమంది?" అంది మేడమ్.

"పొద్దున తీయించేశాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అప్పటికే అతను జీపు వైపు పరిగెడుతున్నాడు. "నిందితుడు లోపలే ఉన్నాడు కదా అని!"

మేడమ్ అతని వెనకే కదిలింది. ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. డ్రైవర్ భార్య. రెండో చేత్తో తమ్ముడి మంచి చేతిని వదలకుండా పట్టుకుని ఉంది. కళ్లలో నీళ్లు లేవు. ఏడవడానికి కూడా ఏ వైపు తిరగాలో తెలియని మనిషిలా ఉంది.

"మేడమ్, ఆ పెద్దాయన్ని ఎలాగైనా బతికించండి. ఇంతవరకూ మా ఆయన కోసం అడిగాను." ఆమె తమ్ముడి కాలిన చేతి వైపు చూసింది. "ఇప్పుడు వీడి కోసం అడుగుతున్నాను."